పెరగని అంకె



ఈ మాటలు మీకు రేడియోలో వినబడుతున్నాయి. నేనివాళ చెప్పబోయేది కూడా ఒక రకంగా రేడియో సంగతే. కాకపోతే ఆ రేడియో స్టేషను బొటనవేలి కొసంత ఉంటుంది. బండి చక్రానికి గాలి కొట్టే వాల్వు మీద మూతలాగా బిగించి ఉంటుంది. అందులో పాటలు రావు, వార్తలు రావు. రెండే రెండు అంకెలు వస్తాయి: టైరులో గాలి ఎంతుంది, వేడి ఎంతుంది. ఆ స్టేషనుకు శ్రోత ఒక్కడే, స్టీరింగు ముందు కూర్చున్న డ్రైవరు. మొన్న రోహిణి కార్తెలో ఒక రోజంతా ఆ ప్రసారం నేనూ విన్నాను. విన్నది అర్థం చేసుకోలేకపోయాను. ఆ కథ చెబుతాను.

మాది నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు. నెల్లూరు నుంచి తూర్పుకు వస్తే వరి మళ్లు, అవి దాటితే రొయ్యల గుంటలు, ఆ తర్వాత కోడూరు బీచి. బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. హైదరాబాదులో మా అక్క కొడుకు ఉన్నాడు. ఉద్యోగం కంప్యూటర్ల మీద, ప్రాణం తిరుగుళ్ల మీద. ఒక పాత మినీ బస్సు కొన్నాడు. సీట్లన్నీ పీకించి రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, మూడు వందల లీటర్ల నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, చిన్న స్నానాల గది పెట్టించాడు. మార్పులన్నీ ఆర్టీవో కాగితాల్లోకి ఎక్కించుకున్నాడు. మోటార్ హోం అంటాడు దాన్ని. మా అక్క మాత్రం ‘వాడి చైతన్య రథం’ అంటుంది. మా తరానికి ఇల్లులాంటి బండి అంటే గుర్తొచ్చేది అదే మరి. 1982లో ఎన్టీ రామారావుగారు పార్టీ పెట్టి, పాత షెవ్రొలె వ్యాను ఒకటి బాగుచేయించుకుని ఊరూరా తిరిగారు. ఆయన కొడుకు హరికృష్ణగారు నడిపేవారు. పగలు దాని పైనుంచే ప్రసంగాలు, రాత్రి అందులోనే పడక. ఆ రథం టైర్లలో గాలి ఎవరు చూసేవారో ఏ పత్రికా రాసినట్టు నేను చదవలేదు. ఎవరో ఒకరు చూసే ఉంటారు. చూడకపోతే అన్ని వేల కిలోమీటర్లు సాగదు.

మావాడి బండికి ఆరు టైర్లు. ముందు రెండు, వెనక జంటలుగా నాలుగు. తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాదులో బయలుదేరే ముందు ఆరింటికీ 90 పాయింట్లు కొట్టాడు. పీఎస్‌ఐ అని పుస్తకాల్లో రాస్తారు, గాలి షాపుల్లో మనం పాయింట్లు అంటాం. ఒక్కో వాల్వుకీ ఒక్కో మూత బిగించాడు. మూతలో సెన్సరు, డాష్‌బోర్డు మీద అరచేతిలో సగమంత తెర. తెరమీద బండి బొమ్మ, బొమ్మ చుట్టూ ఆరు అంకెలు. ఆరూ 90. “ఎలా ఉంది మామయ్యా?” అన్నాడు. కొత్త గోళీలు చూపించే పిల్లాడి మొహం వాడిది.

నల్గొండ దాటేసరికి అంకెలు 93 అయ్యాయి. మిర్యాలగూడ దాటాక 95. దాచేపల్లి దగ్గరికొచ్చేసరికి ఎండ మొహం మీదికొచ్చింది, అంకెలు 97 దాటాయి. పిడుగురాళ్లలో 99 చూసి వాడు బండి పక్కకు తీసి ఆపాడు. “కంపెనీ 90 అంది మామయ్యా, ఇంకో అరగంటలో టైరు పేలిపోయేలా ఉంది, తలా ఒక పది పాయింట్లు వదిలేస్తా” అన్నాడు. చేతిలో అప్పటికే పిన్ను ఉంది.

అప్పుడు నాలోని మేష్టారు నిద్ర లేచాడు. వద్దురా అని చెయ్యి పట్టుకున్నాను. సున్నపు బట్టీల ఊరి పక్కన, వేపచెట్టు కింద, ఓ పది నిమిషాలు పాఠం చెప్పాను. మీకు కూడా క్లుప్తంగా చెబుతాను.

మూసి ఉన్న పాత్రలో గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో లెక్క ఉంది. పొద్దున 27 డిగ్రీలు. అసలు సున్నా నుంచి లెక్కేస్తే, అంటే కెల్విన్లలో, 300. రోడ్డు రాపిడికీ ఎండకీ టైరు లోపలి గాలి 57 డిగ్రీలయిందనుకోండి, అది 330. నూటికి పది పెరిగింది. టైరు గేజీలో కనబడే 90కి బయటి వాతావరణం ఒత్తిడి దాదాపు 15 కలిపితే 105. దానిలో పదోవంతు పదిన్నర. కాబట్టి 90 ఉన్నది నూరయింది. టైరులో ఏ జబ్బూ లేదు, ప్రకృతి ధర్మం అంతే. ఈ పెరుగుదల టైరు తయారుచేసినవాళ్లకు ముందే తెలుసు. వాళ్లు చెప్పే 90 చల్లటి టైరుకు చెప్పిన మాట. చల్లటి టైరంటే కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న బండి టైరు, అదీ ఎండ తగలకుండా. ఒక పక్క ఎండలో, ఒక పక్క నీడలో నిలబెట్టిన బండికి కూడా రెండు పక్కలా వేరే అంకెలొస్తాయి. వేడి టైరులో గాలి వదిలేస్తే, రేపు పొద్దున చల్లారాక 80 దగ్గర నిలుస్తుంది. ఆ తక్కువ గాలితో మళ్లీ బయలుదేరితే ఈసారి నిజంగానే కాలుతుంది.

తక్కువ గాలితో ఎందుకు కాలుతుందని వాడడిగాడు. ఇనుప తీగను వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ వంచుతూ పోతే వంపు దగ్గర చురుక్కుమంటుంది చూడండి, అదే. మినీ బస్సు టైరు చుట్టుకొలత రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల దాకా ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఆరుసార్లు తిరుగుతుంది, గంటకు ఇరవై రెండు వేలసార్లు. నేలను తాకిన ప్రతిసారీ టైరు పక్కగోడ వంగి లేస్తుంది. గాలి తక్కువైతే వంపు ఎక్కువ, వంపు ఎక్కువైతే వేడి ఎక్కువ. లోపల రబ్బరుకూ దారాలకూ మధ్య పట్టు వదులుతుంది. ఆ తర్వాత ఎప్పుడో ఒకప్పుడు చప్పుడు వినబడుతుంది. టైరు పేలింది, గాలి ఎక్కువైంది కాబోలు అనుకుంటాం. చాలాసార్లు గాలి తక్కువై పేలుతుంది.

మావాడు పిన్ను జేబులో పెట్టుకున్నాడు. నేను మీసం మెలేశాను, అంటే మెలేసినంత పని చేశాను.

అద్దంకి మీదుగా మేదరమెట్లలో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. మన పాత ఐదో నంబరు రోడ్డే. ఒంగోలు దాటింది. కావలి దగ్గర భోజనానికి ఆగేముందు తెర చూశాం. ముందు రెండూ 100, 101. వెనక కుడి జంట 101, 101. ఎడమ జంటలో బయటిది 102, లోపలిది 91. మావాడు నవ్వాడు. “మామయ్యా, మీ ప్రకృతి ధర్మానికి లొంగనిది ఒకటుంది, చూడండి. అన్నిటికన్నా బుద్ధిమంతురాలు.” నేనూ నవ్వాను. అవును, అదొక్కటే కంపెనీ చెప్పిన అంకె దగ్గరుంది అన్నాను. ఇద్దరం పోయి అన్నం తిన్నాం.

శ్రోతల్లో లారీ నడిపినవాళ్లుంటే ఈ పాటికి నన్ను తిడుతూ ఉంటారు.

సాయంత్రానికి మా ఊరు చేరాం. రోడ్డు పక్కనే పంచరు షాపు. షాపు పెద్దాయన ఒకప్పుడు లారీ డ్రైవరు. 1990ల మొదట్లో ఈ తీరమంతా టైగరు రొయ్య పండిన రోజుల్లో క్లీనరుగా ఎక్కి డ్రైవరయ్యాడు. 1994 తర్వాత తెల్లమచ్చ తెగులొచ్చి గుంటలెండిపోయాయి. అప్పుడు లారీ దిగి షాపు పెట్టుకున్నాడు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక రొయ్యల ట్రేల బళ్లు మళ్లీ పెరిగాయి, షాపు నిలబడింది. ఐసు కొట్టి రొయ్య ఎక్కించాక బండి ఆగకూడదు. దారిలో టైరు పోతే పోయేది టైరొక్కటే కాదు, ఐసు కరుగుతుంది, సరుకు రేటు కరుగుతుంది. అందుకే ఈ తీరంలో క్లీనరు కుర్రాడికి మొదట నేర్పే పని టీ తేవడం, రెండో పని టైర్లు తట్టడం.

ఆయన మా బండి చుట్టూ తిరిగాడు. అడక్కుండానే జాకీ రాడ్డు తీసి ఒక్కో టైరునూ తట్టుకుంటూ వచ్చాడు. బిగుతుగా ఉన్న టైరు మీద రాడ్డు ఎగిరొస్తుంది, చప్పుడు ఖంగుమంటుంది. గాలి దిగింది మెత్తగా ‘దబ్’ మంటుంది. ఆరూ తట్టాడు. నాకైతే అన్నీ ఒకలాగే వినబడ్డాయి. ఆయన ఎడమ జంట దగ్గర ఆగాడు. రాడ్డు కింద పెట్టి, లోపలి టైరు మీదికి చెయ్యి పోనిచ్చి అరచెయ్యి ఆనించాడు. తర్వాత బయటి టైరు మీద. మళ్లీ లోపలి దాని మీద.

“ఇది కాలతా ఉండాది అయ్యోరా. పక్కది ఇట్టా కాల్లా. దీంట్లో గాలి పోతా ఉండాది.”

మావాడు తెర చూపించాడు. “లేదు పెద్దాయనా, 91 ఉంది. పెట్టింది 90.”

“పక్కదాంట్లో ఎంతుండాది?”

“102.”

“పొద్దున రెండిట్లో ఒకటే కొట్టినావు గదా అబ్బయా? ఒక రోడ్డు, ఒక ఎండ, ఒక బరువు. అదెందుకు పెరిగింది, ఇదెందుకు పెరగలా?”

పిడుగురాళ్లలో వేపచెట్టు కింద నేను చెప్పిన పాఠానికి ఇదే రెండో సగం. నాకు తట్టలేదు. వేడెక్కితే పెరగాలి. పెరగాల్సిన చోట పెరగలేదంటే తగ్గినట్టే. 60 డిగ్రీల వేడిలో 91 చూపిస్తున్న టైరు చల్లారితే ఎంతకు దిగుతుందో అక్కడే చెప్పుతో మట్టిలో గీసి లెక్కేశాను. 80. అంటే దారిలోనే పది పాయింట్లు కారిపోయింది. కారిన గాలిని వేడి కప్పిపెట్టింది. అంకె చూసి మేం దాన్ని బుద్ధిమంతురాలన్నాం.

మరి తెర ఎందుకు అరవలేదు? మావాడు 77కి దిగితే అరవమని పెట్టాడు, అంటే 90లో నూటికి పదిహేను తగ్గితే. వేడి టైరులో అంకె అంత దిగాలంటే ఇంకా చాలా గాలి పోవాలి. వేడి సంగతైనా చెప్పాలి గదా అంటే, మూత రకం సెన్సరు టైరు బయట గాల్లో వేలాడుతుంటుంది. లోపలి వేడి దానికి సరిగ్గా అందదు. దాని వేడి అంకెకన్నా పెద్దాయన అరచెయ్యి మేలు. రిమ్ములో లోపల బిగించే రకాలు వేడి బాగా చెబుతాయి. వాటిని మార్చాలంటే టైరు విప్పాలి.

అట్లని తట్టడమే గొప్పని నేననను. ఆయనా అనలేదు. “కొట్టి చూస్తే చచ్చిన టైరు తెలస్తాది గానీ జబ్బు టైరు తెలీదు అయ్యోరా. నేను పట్టింది చేత్తో. తట్టింది అలవాటు కొద్దీ” అన్నాడు. తన పనిలో ఏది పనికొస్తుందో ఏది రాదో ఇంత తేటగా చెప్పినవాళ్లను నేను చదువుకున్నవాళ్లలో తక్కువ చూశాను.

జంట టైర్ల సంగతి ఇక్కడే చెప్పాలి. ఒంటి టైరులో గాలి పోతే బండి ఒరుగుతుంది, స్టీరింగు లాగుతుంది, ఎంత కొత్త డ్రైవరుకైనా తెలుస్తుంది. జంటలో లోపలిది పోతే పక్కది మాట్లాడకుండా రెండు బరువులూ మోస్తుంది. బండి ఒరగదు, లాగదు, కంటికి కనబడదు. మోస్తున్నది కాలుతుంది, మెత్తబడినది దానికి రాసుకుని కాలుతుంది. లారీల వెనక చక్రాల దగ్గర పొగలొచ్చి మంటలు లేచేది కొన్నిసార్లు ఇలాగే. మోటార్ హోంకు ఇంకో చిక్కుంది. లారీ సరుకు దించాక తేలికవుతుంది, బస్సు జనం దిగాక తేలికవుతుంది. ఇంట్లో సామాను దిగదు. మావాడి నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు రెండూ ఎడమ పక్కనే ఉన్నాయి. ట్యాంకు నిండితే ఆ ఒక్క పక్కే మూడు వందల కిలోలు అదనం. అందుకే టైరు మీద రాసిన అంకె కాదు, నిండు సామానుతో తూకం వేయించి ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో చూసి, తయారీదారు పట్టికలో దానికి తగ్గ గాలి చూసుకోవాలి. నెల్లూరు చుట్టుపక్కల కాటాలకు కొదవ లేదు.

ఇంతకీ గాలి ఎక్కడ పోయింది? పెద్దాయన సబ్బు నురగ పూసి చూశాడు. టైరు నిక్షేపంగా ఉంది. లోపలి టైరు వాల్వుకు చెయ్యి అందదని మావాడు పొడుగు గొట్టం బిగించి, దాని కొసన సెన్సరు పెట్టాడు. ఆ మూత బరువుకు గొట్టం ఊగి ఊగి అతుకు వదులైంది. అతుకు దగ్గర ఆవగింజంత బుడగ లేచి, పగిలి, మళ్లీ లేచింది. గాలి పోతే చెప్పడానికి పెట్టిన వస్తువే గాలి పోగొట్టింది. పెద్దాయన నవ్వలేదు. రబ్బరు వాల్వుల మీద ఈ మూతలు పెట్టొద్దని, లోహం వాల్వులు వేయించి గొట్టాన్ని రిమ్ముకు క్లిప్పుతో కట్టాలని చెప్పాడు. మా తీరం వాళ్లకు ఇంకో మాట కూడా. ఉప్పు గాలికి అల్యూమినియం మూత ఇత్తడి వాల్వు మీద పట్టేస్తుంది. కటింగ్ ప్లేయరుతో తిప్పితే వాల్వుతో సహా ఊడొస్తుంది. నెలకోసారన్నా విప్పి తుడిచి మళ్లీ బిగించాలి.

గాలి అప్పుడే కొట్టమన్నాడు మావాడు. ఆయన ఒప్పుకోలేదు. చల్లారనీ, పొద్దున చూద్దాం అన్నాడు. దానికీ కారణముంది. ఉండాల్సిన గాలిలో నూటికి ఎనభైకి దిగిన టైరుతో బండి నడిచి ఉంటే ఆ టైరును చచ్చినదాని కిందే లెక్కేయాలని టైర్ల పరిశ్రమ నియమం. విప్పి లోపల చూడకుండా మళ్లీ గాలి కొట్టకూడదు. లోపలి ఉక్కు తీగలు అలిసిపోయి ఉంటే, గాలి కొట్టేటప్పుడే పక్కగోడ జిప్పు లాగినట్టు చీలుతుంది. ఎదురుగా కూర్చున్నవాడు మిగలడు. మావాడి 90కి ఆ హద్దు 72. మా లెక్కలో 80 వచ్చింది కాబట్టి బతికిపోయాం. అయినా ఆయన పొద్దున టైరు విప్పి, లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమిగానీ వదల్లేదు.

ఆ రాత్రి బండి మా ఇంటి ముందే నిలిచింది. ఊళ్లో పిల్లలంతా వచ్చి మంచాలెక్కి దిగారు. మావాడు ఈ సెన్సర్ల చరిత్ర చెప్పుకొచ్చాడు. కార్లలో మొదట 1986లో పోర్షె 959కి పెట్టారట. అమెరికాలో టైర్ల పైపొరలు ఊడి చాలామంది చనిపోయాక 2000లో చట్టం చేశారు. ఆ చట్టం కింద 2008 మోడలు నుంచి చిన్న బళ్లన్నిటికీ తప్పనిసరి చేశారు. పెద్ద మోటార్ హోంలు చిన్న బళ్లకు పెట్టిన బరువు హద్దు దాటిపోతాయి కాబట్టి వాటికి వర్తించదు, సొంతదారులే కొని పెట్టుకోవాలి. ఆ చట్టం ప్రకారం దీపం వెలగాల్సింది నూటికి ఇరవై అయిదు తగ్గినప్పుడు. అంటే మన 90 కాస్తా 67కి దిగాక. ఇల్లు మోసే బండికి ఆ దీపం ఆలస్యమని నా తీర్పు. యూరపులో 2024 జూలై నుంచి కొత్త లారీలకూ బస్సులకూ కూడా తప్పనిసరి. మన దేశంలో 2020లో నిబంధన మార్చారు. మూడున్నర టన్నుల లోపు బండికి ట్యూబులెస్ టైర్లు, ఈ సెన్సర్లు, పంచరు సరంజామా ఉంటే స్టెప్నీ మోయనక్కర్లేదు. స్టెప్నీ అన్న మాట వేల్స్ దేశంలో ఒక వీధి పేరు. 1904లో అక్కడ అదనపు చక్రం అమ్మిన అన్నదమ్ముల షాపు ఉన్న వీధి. మాట అక్కడ మరుగునపడింది, మన రోడ్ల మీద బతికుంది. నన్నడిగితే మన రోడ్ల మీద స్టెప్నీ కూడా బతికే ఉండాలి.

ఒక విషయం మర్చిపోయాను. ఆ సెన్సర్లు మన దగ్గర ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర పాడతాయి. మీరు వినే ఎఫ్‌ఎం 108తో ఆగిపోతుంది కాబట్టి మీ రేడియోలో దొరకదు. బిళ్ల బ్యాటరీ త్వరగా అయిపోకుండా అవి ఊరికే మాట్లాడవు, కొద్ది నిమిషాలకోసారి మాట్లాడతాయి. ఉన్నట్టుండి గాలి దిగితే మాత్రం వెంటనే అరుస్తాయి. పొడుగాటి ఇనుప బండిలో వెనక చక్రం మాట ముందుకు చేరకపోవచ్చు, మధ్యలో ఒక రిపీటరు పెట్టాలి. చేరకపోతే కొన్ని తెరలు పాత అంకెనే పట్టుకుని కూర్చుంటాయి. నైట్రోజను కొట్టిస్తే ఈ బాధలుండవా అని ఆ రాత్రి ఒక కుర్రాడడిగాడు. మామూలు గాలిలో నూటికి 78 వంతులు నైట్రోజనే. వేడికి అదీ ఇలాగే పెరుగుతుంది.

పొద్దున అయిదున్నరకు షాపు దగ్గర గేజీ పెట్టాం. అయిదు టైర్లు 90, 91. ఎడమ లోపలిది 74. రాత్రంతా బుడగలు లేస్తూనే ఉన్నాయన్నమాట. కొత్త లోహపు వాల్వు, గొట్టానికి క్లిప్పు, నురగ పరీక్ష, 90 పాయింట్లు. మావాడు చిన్న పుస్తకం తీసి ఆరు గళ్లు గీశాడు. ఇకనుంచి గంటకోసారి పక్కవాళ్ల చేత రాయిస్తాడట, జంటలో ఒకదానికీ ఇంకోదానికీ నాలుగు పాయింట్లు తేడా వస్తే బండి ఆపుతాడట. టైరు పక్కగోడ మీద చివరి నాలుగంకెలు ఏమిటని పిల్లలడిగారు. మొదటి రెండూ ఏ వారమో, తర్వాతి రెండూ ఏ ఏడో చెబుతాయి. మావాడి వెనక టైర్లలో ఒకదాని మీద 2314 ఉంది. 2014లో ఇరవై మూడో వారం. అరుగు చూస్తే కొత్తదానిలా ఉంది. పెద్దాయన దాని పక్కగోడను వంచి వెంట్రుకంత పగుళ్లు చూపించాడు. అది నెల్లూరులోనే మార్చుకుని వాడు చెన్నై దారి పట్టాడు.

బళ్లున్న శ్రోతలకు ఒక్క మాట. కారైనా, ఆటో అయినా, ట్రాక్టరు ట్రక్కు అయినా, రేపు పొద్దున ఎండ తగలకముందు గాలి చూసి ఒక కాగితం మీద రాసుకోండి. మధ్యాహ్నం దారిలో మళ్లీ చూడండి. పెరిగినవాటిని వదిలేసి, పెరగనిదాన్ని ఊళ్లో పంచరు షాపాయనకు చూపించండి.